ఎండాకాలపు బట్టల లోపలి లెక్క

మార్చి దాటితే బట్టల షాపుల బోర్డుల మీద కాటన్ తప్ప మరో మాట కనిపించదు. కొనేవాళ్ళూ కాటన్ చీరే కొంటారు. ఇంటికొచ్చాక దాని కిందికి శాటిన్ లంగా, లోపలివైపు పాలిస్టర్ లైనింగ్ వేసిన జాకెట్ వచ్చి చేరతాయి. చివరికి ఒంటికి తగిలేది ఈ లోపలి బట్టలే. మధ్యాహ్నానికి ఒళ్ళు ఉడికిపోతుంటే కాటన్ కట్టుకున్నా ఈ ఉక్కేమిటని ఎండను తిట్టుకునేవాళ్ళే గానీ, లంగాను అనుమానించేవాళ్ళు తక్కువ.

నిండుగా కప్పుకోవాలనుకునే ఆడవాళ్ళకు ఎండాకాలం శిక్షే అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. చేతులూ కాళ్ళూ కప్పితే వేడి, పొట్టి బట్టలైతే హాయి అన్నది సగమే నిజం. బట్ట పొడవు కంటే పొరలెన్ని, ఒంటికి ఎంత అంటుకుంది, ఏ నూలుతో నేశారు అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. ఈ మూడింటిలోనూ మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది పైకి కనపడదు.

చర్మం ఉష్ణోగ్రత మామూలుగా 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు ఒంటి వేడి దానంతటదే బయటికి పోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పాదరసం 42 దాటినప్పుడు కథ తిరగబడుతుంది. గాలే ఒంటిని వేడెక్కిస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అయితే ఆవిరి కావాలి. కారి నేల మీద పడిన చెమట వల్ల లాభం లేదు. బట్టకూ ఒంటికీ మధ్య జిగటగా నిలిచిపోయిన చెమట వల్లా లేదు. పైగా చెమటకాయలు పేలేది అక్కడే.

కాబట్టి ఎండాకాలం బట్టకు రెండు పనులుంటాయి: ఎండను, వడగాలిని ఒంటి మీద పడనీయకపోవడం, చెమటను ఆరనివ్వడం. ఊరిని బట్టి ఈ రెండింటిలో ఏది ముఖ్యమో మారిపోతుంది. తెలంగాణలో, రాయలసీమలో, పల్నాడులో పొడి ఎండ. చెమట పట్టిన క్షణానే ఆరిపోతుంది, బాధంతా ఎండ తీవ్రతతోనే. అక్కడ పొడుగు చేతులు, తలగుడ్డ మేలు చేస్తాయి. పొలం పనికో ఉపాధి హామీ పనికో వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకునేది ఊరికే కాదు. విశాఖ, కాకినాడ, బందరు వైపు ఎండ కొన్ని డిగ్రీలు తక్కువున్నా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. ఆ ఉక్కపోతలో చొక్కా మీద చొక్కా వేస్తే మనిషి పని అయిపోయినట్టే. అక్కడ పొర తగ్గించడం, గాలి ఆడనివ్వడం ముఖ్యం. హైదరాబాద్‌లో అమ్మే సమ్మర్ కలెక్షన్‌నే విశాఖలోనూ అమ్ముతుంటారు గానీ, ఒకచోట హాయిగా ఉన్నది ఇంకోచోట హాయిగా ఉంటుందన్న నమ్మకం లేదు.

నిండు బట్టలు వేడి అన్న నమ్మకాన్ని చాలామంది కదిపి చూశారు. అందులో పేరుపడ్డది ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఉండే బెదూయిన్ల (అరబ్ సంచార తెగలవాళ్ళ) నల్లటి అంగీల మీద జరిగిన పరిశోధన, 1980లో నేచర్ పత్రికలో వచ్చింది. అంత ఎండలో నల్ల బట్ట ఎలా వేసుకుంటారన్నది ప్రశ్న. కొలిచి చూస్తే నల్ల అంగీ తెల్లదాని కంటే ఎక్కువ వేడిని పీల్చుకున్న మాట నిజమే గానీ, ఆ అదనపు వేడి చర్మం దాకా చేరనే లేదు. అంగీ వదులుగా ఉండటంతో కింది నుంచి గాలి లోపలికి దూరి, వేడిని మోసుకుని పైకి పోయింది. నడిచేటప్పుడు వదులు బట్ట కొలిమి తిత్తిలా గాలిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. రంగు చూసి బట్ట కొనే అలవాటున్న మనకు ఇది కాస్త మింగుడుపడని సంగతి. బట్ట వదులుగా ఉంటే రంగు పాత్ర తగ్గుతుంది, ఒంటికి అంటుకుని ఉంటేనే రంగు ఒంటిని కాలుస్తుంది. అంటే నల్ల లెగ్గింగ్స్‌కు ఈ మినహాయింపు వర్తించదు.

ఇప్పుడు చీర దగ్గరికొద్దాం, పొరల లెక్క బాగా తెలిసేది అక్కడే. ఐదున్నర మీటర్ల బట్ట నడుము చుట్టూ దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది, ముందు కుచ్చిళ్ళు ఐదారు మడతలు పడతాయి, వాటన్నిటి కింద లంగా. భుజం మీద పైట మడతలు పెట్టి పిన్ను పెడితే అక్కడ మరో నాలుగైదు పొరలు, కింద జాకెట్, జాకెట్‌కు లైనింగ్. ఇంత బట్ట ఉన్నా చీర వేసవిలో బతికిందంటే దానికి కారణం నడుము దగ్గర, వీపు దగ్గర అది వదిలేసే జాగా. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎండాకాలపు సౌకర్యం మీద అధ్యయనం చేసిన ఇంద్రగంటి మాధవి, తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులతో కలిసి చీరకట్టు ఒంటి వేడిని ఎంత పట్టి ఉంచుతుందో కొలిచారు. మనిషి ఆకారంలో ఉండి వేడిని కొలిచే బొమ్మకు చీర చుట్టి చేసిన ప్రయోగమది. పైటను మడతలు పెట్టి భుజాన వేయడం, విప్పి రెండు భుజాలా కప్పుకోవడం, నడుములో దోపడం: ఒకే చీరలో కట్టు మార్చడంతోనే వెచ్చదనం మారుతుందని తేలింది. వంటగదిలో కొంగు బొడ్లో దోపుకునే అమ్మమ్మలు ఇది తెలిసే చేశారో లేదో గానీ, పని మాత్రం అదే జరిగింది. మాధవి హైదరాబాద్ అధ్యయనం 2010లో వచ్చింది. అందులో ఏసీ లేని ఇళ్ళవాళ్ళకు హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29.23 డిగ్రీలు. అప్పటి జాతీయ భవన నియమావళి లెక్కలో హాయి 23–26 డిగ్రీల మధ్యే ఉండేది. మనవాళ్ళు వేడికి ఓర్చుకోగలరు, ఫ్యానూ బట్టా సహకరిస్తే.

సహకరించనిది ముఖ్యంగా జాకెట్. ముప్పై నలభై ఏళ్ళ కిందట ఎండాకాలం జాకెట్ అంటే మ్యాచింగ్ సెంటర్‌లో కొన్న టూ బై టూ గుడ్డతో కుట్టిన సాదా జాకెట్. టూ బై టూ అంటే నిలువున సాగే పడుగులోనూ అడ్డంగా వచ్చే పేకలోనూ రెండేసి పోగులు పురి వేసిన నూలు. ఆ పురి వల్ల బట్ట పలచగా ఉన్నా దిట్టంగా ఉంటుంది, లైనింగ్ లేకుండానే ఒళ్ళు కనపడదు. ఇవాళ టైలర్ దగ్గరికి ఏ గుడ్డ తీసుకెళ్ళినా మొదటి ప్రశ్న లైనింగ్ వేయాలా అని కాదు, ఏ లైనింగ్ వేయాలి అని. ప్రిన్సెస్ కట్, కటోరీ, కప్పులు, వీపు మీద పెద్ద మెడ వచ్చాక లైనింగ్ లేకుండా షేపు నిలవదన్నది టైలర్ల వాదన. అందులో నిజముంది. పట్టు జాకెట్‌కు లైనింగ్ కావాల్సిందే, లేకపోతే కుట్టు దగ్గర పోగులు జారిపోతాయి. మంగళగిరి కాటన్ గుడ్డకు ఆ అవసరం లేదు. అయినా అలవాటు కొద్దీ వేసేస్తారు. పైగా కాటన్ లైనింగ్ అని వేసేది చాలాసార్లు మిక్స్ గుడ్డే. క్రేప్ లైనింగ్ అయితే చెప్పనే అక్కర్లేదు. పైన నూరు శాతం నూలు, చర్మానికి తగిలేది ప్లాస్టిక్ పోగు.

వేసవి జాకెట్ కుట్టించేటప్పుడు టైలర్‌కు నాలుగు మాటలు గట్టిగా చెప్పుకోవాలి. లైనింగ్ వద్దు, లేదా ఛాతీ వరకే చాలు, చేతులకు అసలొద్దు. చంక దగ్గర వేలు దూరేంత వదులు ఉండాలి, చెమట ఎక్కువ పట్టేదీ, బట్ట ముందు చిరిగేదీ అక్కడే. మోచేతి దాకా చేతులు కావాలంటే పైన బిగించి కింద వదలకుండా, పై నుంచి కింది దాకా ఒకే వదులు పెట్టాలి. గుడ్డను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వాలి. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కుట్టాక కుంచించుకుపోతే ఆ వదులు కాస్తా మాయం.

లంగా విషయం చిన్నదే గానీ ఫలితం పెద్దది. శాటిన్ లంగా మీద చీర జారుతూ అందంగా పడుతుంది, అందుకే షోరూముల్లో అదే చూపిస్తారు. ఈమధ్య సారీ షేప్‌వేర్ అని సాగే లంగాలు వచ్చాయి. పెళ్ళికి రెండు గంటలు సరే, మే నెలలో రోజంతా తొడల చుట్టూ నైలాన్ బిగించుకుని తిరగడం ఒంటికి తామర కొని తెచ్చుకోవడమే. పాప్లిన్ లంగా పాతకాలం వస్తువులా కనిపించినా ఎండాకాలానికి దాన్ని మించింది లేదు. చీర దాని మీద జారదు, కాబట్టి పిన్నులూ తగ్గుతాయి.

ఇక నూలు సంగతి. పోగు తేమను ఎంత పట్టుకోగలదన్నదానికి ఒక కొలత ఉంది. మామూలు తేమ ఉన్న గదిలో ఉంచితే పత్తి తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుంటుంది, నారబట్ట అయిన లినెన్ సుమారు 12, విస్కోస్ రేయాన్ 11 నుంచి 13. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మార్కెట్లో ఈ నాలుగింటి పేర్లూ కలగాపులగం. జార్జెట్, షిఫాన్, క్రేప్ అనేవి నేత రకాల పేర్లు, ఒకప్పుడు పట్టుతో నేసేవాళ్ళు, ఇప్పుడు మామూలు ధరలో దొరికేదంతా దాదాపు పాలిస్టరే. కాటన్ సిల్క్‌లో ఎంత కాటనో, అసలు సిల్క్ ఉందో లేదో అడిగితే షాపులో నవ్వుతారు. లినెన్ చీర అని చవగ్గా దొరికితే అందులో లినెన్ పాలు తక్కువే అనుకోవచ్చు.

తేల్చుకునే దారి పాతదే. లోపలి కుట్టు అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించాలి. పత్తి, రేయాన్, లినెన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతాయి. పాలిస్టర్ కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి నల్ల పూసలా మిగులుతుంది. మిక్స్ అయితే కొంత బూడిద, కొంత గరుకు ముద్ద. పడుగు పోగు, పేక పోగు విడివిడిగా కాల్చి చూడటం మంచిది, ఒకటి నూలు, ఇంకొకటి పాలిస్టర్ పెట్టి నేసినవి బోలెడు.

పాలిస్టర్ అంటేనే చెడ్డదని కొట్టిపారేయడం కూడా సరికాదు. క్రికెట్ జెర్సీలన్నీ దాదాపు పాలిస్టరే, అవి ఉక్కపోయవు. ఆ పోగును చెమట పాకేలా తీర్చి, అల్లికలో సన్నటి రంధ్రాలు వదిలి, ఒకే పొరగా వేస్తారు. ఆ పాలిస్టర్ వేరు, చీర కింది శాటిన్ వేరు. ఇంకోవైపు రేయాన్ పేరు వింటే మొహం చిట్లించే పెద్దవాళ్ళున్నారు. అది చెట్ల గుజ్జుతో తయారైన పోగు, చెమటను కాటన్ కంటే బాగా పీలుస్తుంది, ఒంటి మీద మెత్తగా జాలువారుతుంది. దాని లోపం వేరే ఉంది: తడిస్తే బలం తగ్గి ఒంటికి అతుక్కుంటుంది, ఉతికేకొద్దీ పొట్టిదవుతుంది. హైదరాబాద్ ఆఫీసుకు రేయాన్ కుర్తా బాగుంటుంది, కాకినాడ బస్టాండులో నడుముకు అంటుకుపోతుంది.

నేత బట్టల్లో వేసవికి ఏది పనికొస్తుందో కౌంటును బట్టి చెప్పొచ్చు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తాయో అదే కౌంటు. 80 కౌంటు అంటే అర కిలోకు కాస్త తక్కువ నూలులో సుమారు 61 కిలోమీటర్ల దారం ఉన్నట్టు. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. మంగళగిరి బట్ట ఎక్కువగా 80 కౌంటులో, ఒత్తుగా, ఒంటి భాగంలో పెద్దగా బుటాలు లేకుండా నేస్తారు. నిజాం అంచు దాని గుర్తు. ఆ ఒత్తు వల్ల లోపల ఏమీ వేయకుండానే కుర్తా కుట్టించుకోవచ్చు, నిండుదనం కోరేవాళ్ళకు దాన్ని మించిన గుడ్డ లేదని ధైర్యంగా చెప్పొచ్చు. వెంకటగిరి చీర 100 కౌంటు, అంతకు పైన. ఒంటి మీద బరువే తెలియదు గానీ పలచన, లంగా రంగు పైకి కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి తీసే నూలు ఇంకా సన్నం. నారాయణపేట కాటన్ చీర కాస్త ముతక, ఉదయం కట్టిన మడత సాయంత్రం దాకా నిలుస్తుంది, టీచర్లకూ బ్యాంకు ఉద్యోగులకూ అది ఇష్టమైన చీర కావడంలో ఆశ్చర్యం లేదు. మల్ కాటన్ మెత్తదనంలో మేటి అయినా చెమట పడితే ఒంటి గీతలన్నీ చూపిస్తుంది, లోపల ఇంకొకటి వేయక తప్పదు. అప్పుడు రెండు పొరలు. కోటా చీరదీ అదే కథ.

గంజి గురించి రెండు వైపులా వాదించేవాళ్ళున్నారు. పలచటి గంజి బట్టను ఒంటికి ఎడంగా నిలబెడుతుంది, ఆ ఎడంలో గాలి ఆడుతుంది. చిక్కటి గంజి నేత సందులు పూడ్చి బట్టను అట్టలా చేస్తుంది. పొడి ఎండ ఊళ్ళలో గంజి నిలుస్తుంది, సముద్రం పక్కన పదకొండు గంటలకే మెత్తబడి జిగటగా తయారవుతుంది.

బట్ట చల్లగా ఉంటే సరిపోదు, నప్పాలి కూడా. వదులుగా ఉండే నూలు బట్ట మనిషిని బస్తాలా చూపిస్తుందన్న భయంతోనే చాలామంది బిగుతు కుర్తాలకు, లెగ్గింగ్స్‌కు వెళ్ళిపోతారు. వదులు అంతటా అక్కర్లేదు. భుజం కొలత కచ్చితంగా ఉంటే కింద ఎంత వదులున్నా అంగీ కుదురుగా కనిపిస్తుంది, భుజం జారితేనే అరువు బట్టలా ఉంటుంది. భుజం సరిగ్గా, ఛాతీ దగ్గర నాలుగు వేళ్ళ వదులు, నడుము నుంచి కళీలతో విచ్చుకునే కోత, పక్కన చీలికలు, కింద పలాజో గానీ నేరు ప్యాంటు గానీ. ఇందులో ఒళ్ళంతా కప్పి ఉంటుంది, ఎక్కడా పట్టేసినట్టు ఉండదు. లావుగా ఉన్నవాళ్ళు అడ్డచారలు వేయకూడదన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1860ల్లోనే దీనికి ఎదురు చెప్పాడు: అడ్డగీతలు నింపిన చతురస్రం నిలువుగా సాగినట్టు కనిపిస్తుందని. 2011లో బ్రిటన్ పరిశోధకులు మనుషుల బొమ్మల మీద చూసినా అడ్డచారలు లావు చూపించలేదు. అడ్డచారల పోచంపల్లి కుర్తాను అనవసరంగా పక్కన పెట్టేవాళ్ళకు ఇది పనికొచ్చే వార్త.

తెల్ల కుర్తా కింద తెల్ల స్లిప్ వేసుకుంటారు చాలామంది. పలచటి తెలుపు కింద తెలుపే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చామనఛాయ మీద మరీను. ఒంటి రంగుకు దగ్గరగా ఉండే గోధుమ రంగు స్లిప్ అయితే కలిసిపోతుంది, మందం లైనింగ్ అవసరమే పడదు. చెమట మరకలు ఎక్కువ బయటపడేది బూడిద రంగు, లేత నీలం, లేత ఆకుపచ్చల మీద. తెలుపు మీద, ముదురు నీలం మీద, చిన్న చిన్న అద్దకం పూల మీద కనపడవు. కలంకారీ కుర్తాకు వేసవిలో ఉన్న గొప్పతనం సగం ఇదే.

ఇంట్లో ఈ సమస్యనంతా నైటీ ఒక్క దెబ్బకు తీర్చేసింది. భుజం నుంచి పాదం దాకా ఒకే పొర నూలు, నడుము దగ్గర పట్టు లేదు, కింది నుంచి గాలి. వేడి లెక్కలో చూస్తే దాన్ని మించిన వేసవి దుస్తు లేదు. బెదూయిన్ అంగీకీ దానికీ కోతలో పెద్ద తేడా కూడా లేదు. కానీ కాలింగ్ బెల్ మోగితే చున్నీనో తువ్వాలో మీద కప్పుకుని గానీ తలుపు తీయరు. నిజానికి అదే బట్టకు కాస్త మందం గుడ్డ, కాలర్, మణికట్టు దాకా చేతులు, రెండు జేబులు పెట్టి లాంగ్ ఫ్రాక్ అంటే బజారుకు వెళ్తుంది, ఆఫీసుకూ వెళ్తుంది. నిండుదనం మీద మనకున్న పట్టింపు కొంత ఒంటి గురించి, కొంత పేరు గురించి.

బురఖా, అబాయా వేసుకునేవాళ్ళ విషయంలో కూడా కోతలో ఇబ్బంది లేదు, గుడ్డలో ఉంది. చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయే నిదా గుడ్డ పాలిస్టరే. సన్నగా, జారుడుగా, ఇస్త్రీ అక్కర్లేకుండా ఉంటుంది కాబట్టి ఇష్టపడతారు. లోపల పాలిస్టర్ సల్వార్ సెట్, పైన నిదా, తలకు సాగే టోపీ, దాని మీద స్కార్ఫ్: ఇక్కడా పొరలే ముద్దాయి. అబాయా కింద నిండు సల్వార్ సెట్ బదులు పలచటి నూలు స్లిప్, నూలు పైజామా వేసుకుంటే సగం భారం తగ్గుతుంది. పై గుడ్డ కాస్త ముతక నూలైతే మిగతా సగం.

స్కూటీ మీద మొహానికి చుట్టుకునే స్కార్ఫ్ గురించి ఒక ముక్క. పలచటి తెల్ల నూలు బట్ట అతినీలలోహిత కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. మొహం నల్లబడకూడదని తెల్ల మల్ చున్నీ చుట్టుకుంటే అనుకున్నంత ఫలితం రాదు. ఒత్తుగా నేసిన ముదురు రంగు నూలు మేలు.

ఇవన్నీ ఎంచుకునే వీలున్నవాళ్ళకు. చీరల షోరూముల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు, ఆసుపత్రి రిసెప్షన్‌లో, సూపర్ మార్కెట్లో పనిచేసేవాళ్ళకు యాజమాన్యం ఇచ్చిన యూనిఫాం చీరే గతి. అది సాధారణంగా సింథటిక్ చీర, నలగదు, రంగు పోదు, అందరిదీ ఒకేలా కనిపిస్తుంది. ఏసీ ఉన్న అంతస్తులో పరవాలేదు, మధ్యాహ్నం గోడౌన్‌లోనో, రాత్రి కిక్కిరిసిన బస్సులోనో అసలు బాధ తెలుస్తుంది. ఆ చీరను మార్చే అధికారం వాళ్ళకు లేదు. లంగా, జాకెట్ లోపలి గుడ్డ మాత్రం ఏ కంపెనీ నిర్ణయించదు. పాప్లిన్ లంగా ఒకటి, లైనింగ్ లేని టూ బై టూ జాకెట్ ఒకటి మార్చుకున్నా చర్మానికి తగిలే బట్టలో చాలా భాగం నూలే అవుతుంది.